పక్కింటి చిలుక మా ఇంటికొచ్చింది

మా సోలాపూర్ వాడలో పక్కింటోళ్లు భివండీకి పోతూ, పెంచుకున్న కాకటీల్ చిలుకను మాకిచ్చి పోయిండ్రు. బూడిద రంగు ఒళ్లు, పసుపు జుట్టు. ఇది ఆస్ట్రేలియా జాతిది. మన రామచిలుకైతే ఒప్పుకునేవాణ్ణి కాదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని ఇంట్లో పెంచకూడదు.

మూడు రోజులు సరిగ్గా తినలేదు. షిఫ్టు వదిలే వేళకు గుమ్మం వైపు చూసి ఈల వేసేది, పాత యజమాని వస్తడని. పంజరం, గిన్నె మార్చలేదు. చెయ్యి లోపల పెట్టలేదు. పక్కన కూచొని మెల్లగ మాట్లాడిన, అంతే. నాలుగో రోజు కొర్రలు బాగా తిన్నది.

అసలు చిక్కు చోటుతోనే. మాది ఒక్క గది ఇల్లు. మా ఆమె బీడీలు చుడుతది. పక్షుల ఊపిరి చాలా సున్నితం. పొగాకు దుమ్ము, పొయ్యి పొగ పడవు. ముప్పై ఏండ్లు మిల్లులో నూలు దుమ్ము పీల్చి దగ్గుతున్నోణ్ణి, నాకు ఇది ఒకరు చెప్పాలా? పంజరం అరుగు మీద పెడదామంటే పిల్లి భయం. ఆఖరికి మా ఆమే చాట ఎత్తుకొని అరుగు మీదికి పోయింది.

"చిలుక కోసం నన్ను బయటికి తోసినవ్" అని వారం నుంచి సాధిస్తున్నది. నిన్న మాత్రం, నేను చూడట్లేదనుకొని, చేతులు కడుక్కొని వచ్చి కొత్తిమీర రెబ్బ పెట్టి పోయింది.