మూడు నెలలు ఆగాలా, ఇప్పుడే వెళ్లాలా?

2004-05లో గుంటూరు జిల్లాలోని పల్లెల్లో, పట్టణాల్లో పరిశోధకులు పన్నెండు వేల మందికి పైగా హెచ్‌ఐవీ కోసం రక్తం పరీక్షించారు. అందరూ 15 నుంచి 49 ఏళ్లవాళ్లే. ప్రభుత్వాసుపత్రులకు వచ్చినవాళ్లను బట్టి వేసిన పాత అంచనా కన్నా హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల సంఖ్య సగానికి పైగా తక్కువని తేలింది. అయినా నూటికి 1.7 మంది తేలారు. పల్లెకూ పట్నానికీ పెద్ద తేడా లేదు. లారీవాళ్లకో, పట్నం వెళ్లొచ్చినవాళ్లకో మాత్రమే వచ్చేదన్న మాట ఇక్కడ నిలవదు.

మరి పరీక్ష ఎప్పుడు చేయించుకోవాలి? పరీక్ష వెతికేది హెచ్‌ఐవీకి ఎదురుగా ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలను. అవి తయారవడానికి ఒంటికి కొంత వ్యవధి కావాలి. నిన్న సోకి ఉంటే, ఇవాళ పరీక్ష చేయించినా 'లేదు' అనే వస్తుంది. ఆ కాగితం చూసుకుని ధీమాగా ఉండిపోవడమే ప్రమాదం. వేలికొన రక్తంతో చేసే పరీక్షలో మూడు వారాల నుంచి మూడు నెలల లోపు బయటపడుతుంది. మూడు నెలలు నిండాక మరోసారి చేయించుకుంటేనే ఖాయం. అలాగని అప్పటిదాకా ఇంట్లో కూర్చోకండి. సోకే అవకాశమున్న ఘటన జరిగిన 72 గంటల్లోపు ఆసుపత్రికి వెళితే సోకకుండా ఆపే మందులు మొదలుపెడతారు, 28 రోజులు వాడాలి. ఎంత తొందరగా వెళితే అంత మేలు.

గుంటూరు, ఒంగోలు సర్వజన ఆసుపత్రుల్లో హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రాలు (ఐసీటీసీలు) ఉన్నాయి. పరీక్షకు పైసా అక్కర్లేదు. దగ్గరి కేంద్రం ఏదో 1097కు ఫోన్ చేస్తే చెబుతారు. కౌన్సెలర్ ముందు మీతో విడిగా మాట్లాడి, మీరు సరేనన్నాకే రక్తం తీయిస్తారు. మొదటి కిట్‌లో గీత పడగానే 'ఉంది' అనేయరు. వేరే రెండు కిట్లతోనూ సరిచూస్తారు. మీ సమ్మతి లేకుండా ఫలితం సాధారణంగా మూడో మనిషికి చెప్పడానికి వీల్లేదు. పని ఇవ్వాలంటే పరీక్ష చేయించుకు రమ్మనడం కూడా 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం చెల్లదు.

మిరపకోతల రోజుల్లో ఒక పూట ఆసుపత్రికి వెళ్లడమంటే ఆ పూట కూలి పోయినట్టే. మొబైల్ ఐసీటీసీ వ్యాన్లు అప్పుడు సాయంత్రాలు ఊళ్లలోకి రావాలి.

గర్భిణులకు ఎలాగూ తొలి నెలల్లోనే చేస్తారు. ఉందని తేలితే మందులతో బిడ్డకు సోకే ముప్పు బాగా తగ్గుతుంది. కానీ పరీక్ష ముందు ఆమెకే జరిగింది కాబట్టి నిందా ముందు ఆమె మీదే పడుతోంది. భర్త కూడా అదే రోజు చేయించుకోవాలి. ఉంటే హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఆయనకూ ఉచితమే.