ఒంగోలు సీమ: కథలు, విశ్వాసము, స్వస్థత

క్రైస్తవ మత చరిత్రను మిషనరీల రాకతోను, దేవాలయాలు కట్టిన సంవత్సరాలతోను ముడిపెట్టి చెప్పుట వాడుక. ఒంగోలు సీమ విషయంలో అట్లా చెప్పితే సగమే చెప్పినట్లవుతుంది. అక్కడి మాదిగ కుటుంబాలు క్రీస్తును నమ్మక మునుపే వారి ఇండ్లలో కథలు ఉన్నవి. నమ్మిన తరువాత మరికొన్ని పుట్టినవి.

తాము జాంబవంతుని సంతతివారమనియు, అరుంధతి తమ ఇంటి ఆడపడుచనియు వారు తరతరాలుగా చెప్పుకొన్నారు. ఊరి వెలుపల నిలువవలసిన వాని ఆడపడుచును పెండ్లినాటి రాత్రి పురోహితుడు వధూవరులకు ఆకాశంలో చూపుతాడు! ఇంకొకటి పోతులూరి వీరబ్రహ్మంగారి శిష్యుడు కక్కయ్య కథ. గురువు బోధించిన షట్చక్రాలను కన్నులారా చూడగోరి అతడు భార్య దేహాన్ని కోసినాడట. గురువు ఆమెను మరల బ్రతికించినాడట. వినుటకు ఘోరమైన కథే. కాని వాడలో వినేవాని మనస్సుకు తగిలేది వేరు: ఒక మహాయోగి మాదిగవానిని శిష్యునిగా స్వీకరించి, అతని భార్యకు ప్రాణం పోసినాడు. ఇట్టి కథలను ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ వృద్ధుల నోట విని, 1899లో ఇంగ్లీషున గ్రంథంగా ప్రకటించినది.

తోలు వ్యాపారి యెఱ్ఱగుంట్ల పేరయ్య ఈ సంప్రదాయంలో పెరిగినవాడే. 1866లో భార్య నాగమ్మతో బాప్తిస్మం పొందుటకు పూర్వం అతడు యోగమార్గ గురువులను ఆశ్రయించి ధ్యానం నేర్చినాడు. రూపం లేని దేవుడొక్కడున్నాడనే మాట అతనికి క్రొత్త కాదు. క్రొత్త మాట చెవిని పడినప్పుడు దానిని నిలుపుకొనే చోటు పాత కథ అతనిలో సిద్ధపరచి ఉంచినదని నా అభిప్రాయం.

తరువాత 1876–78 నాటి మహాక్షామం వచ్చినది. మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకం కంట్రాక్టుకు తీసుకొని కరవు జనానికి కూలి కల్పించినాడు. కూటికోసం మతం పుచ్చుకొన్నారనే మాట రాకూడదని ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపివేసినాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందినారు. అయినను ఆ అపవాదు తప్పలేదు. ఆకలికి ఇందులో పాత్ర లేదనుట సత్యం కాదు. ఆకలి ఒక్కటే కారణమనుట అంతకన్న అసత్యం. పేరయ్య కరవుకు పదేండ్ల ముందే వచ్చినాడు గదా!

కోర్టులో వినబడే సాక్ష్యమనే మాటను తెలుగు క్రైస్తవులు ప్రార్థన కూటానికి తెచ్చుకొన్నారు. అవ్వ కాలువగట్టున మట్టి మోసిన సంగతిని మనుమరాలు నలుగురిలో నిలిచి చెప్పినప్పుడు, మాటుపెట్టవలసిన దైన్యం చెప్పుకోదగిన చరిత్ర అవుతుంది. స్వస్థత అనే మాటకు ఇక్కడ నాకు తోచే అర్థం ఇదే. జ్వరానికి మందు వేరే కావాలె. గుంటూరుకు 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ ఆసుపత్రి కట్టించినది అందుకే. ఒకరి రోగం ప్రార్థనతో కుదిరిందనే సాక్ష్యం, కుదరని రోగి చెవికి నీకు విశ్వాసం చాలదన్నట్లు వినబడే ప్రమాదమూ ఉన్నది. అట్టివానికి సాక్ష్యం కన్న, ప్రక్కన కూర్చుండే మనిషి మేలు.

పాత కథలు బోధకుల నోట విగ్రహారాధకుల కథలైపోయి ప్రసంగవేదికపై నిలువలేదు. అయినను ఇరవయ్యవ శతాబ్దంలో మాదిగలు సంఘాలుగా ఏర్పడినప్పుడు కొందరు తమకు పెట్టుకొన్న పేరు అరుంధతీయులు.