రాలిన యాకులు, పిలిచిన గాలి

మాఘమాసము వచ్చినదనిన, మా తిరువూరి యింటివాకిట ఉదయ మొకసారి, సాయంకాల మొకసారి ఆకు లూడ్చుటయే పని. ఒకనాటి సాయంకాలము మేము చీపురు చేతబట్టుకొని యుండగా, అరుగుమీద మరునాటి పాఠము చూచుకొనుచున్న మావారు ఒక యింగ్లీషు పద్యమును పైకి చదివి, “ఇది నీకొరకే వ్రాసినట్లున్న” దనిరి. మాకు ఇంగ్లీషు అంతగా రాదు. వారే యర్థము చెప్పిరి.

అది సరోజినీనాయుడుగారి ‘ఆటమ్ సాంగ్’. 1905లో లండనున అచ్చయిన ‘ది గోల్డెన్ త్రెషోల్డ్’ అను సంపుటిలోనిది. ఆమె 1879లో హైదరాబాదున వంగదేశపు దంపతులకు జన్మించి, 1895లో చదువునకై ఇంగ్లండు వెళ్లి, 1898లో మరలివచ్చి, డాక్టరు గోవిందరాజులు నాయుడుగారిని వివాహమాడిరి గనుక తెలుగింటి కోడలే.

పద్యము పది పంక్తులు మాత్రమే. మొదటి సగమున సంధ్యాకాంతి, గాలికెగిరిపోవు ఆకులు. రెండవ సగమున ఒంటరి మనస్సునకు ఆ గాలిలో ఏదో పిలుపు వినవచ్చును. కలలన్నియు ఆకులవలెనే పోయినవి, ఇక తా నేల నిలువవలె నను ప్రశ్నతో సరి. పోయినది యేమియో కవయిత్రి చెప్పలేదు. చెప్పనందుననే చదువరి తనవారిని అందు నిలుపుకొనును. ఆ యాకులను ఊడ్చువా రెవరో మాత్రము పద్యములో లేదు, అది వేఱుమాట.

‘ఆటమ్’ అనగా శరత్తని చెప్పిన మనవారు పొరబడుదురు. మన శరత్తు వెన్నెలల కాలము, ఆకురాలుట శిశిరమున. సీమలో ఆకు రాలిన వెనుక నెలలతరబడి చలి. మనకో, మోడుమీదనే మోదుగ పూచును, ఉగాదికి వేప పూచును.

అయినను ఆ ప్రశ్న మమ్ము విడువలేదు. నిరుడు మా నాయనగారు పోయిరి. మాకు ఓనమాలు మొదలు కుమారసంభవము వఱకు చెప్పినది వారే. నాలుగవ సర్గమున, భస్మమైన మన్మథునికై రతి చితి పేర్పుమని వసంతుని వేడుకొనగా, ఆకాశవాణి ఆమెను వారించును. ఎండకు ఇంకిన యేరు వానలకు మరల నిండు నను ఆ ఘట్టమును, మా పుట్టినూరి కట్టలేరును చూపి నాయనగారు బోధించిరి.

ఇక్కడ గాలి రమ్మనుచున్నది, అక్కడ వాణి యుండు మనుచున్నది, మన కవియే మేలుగదా యని మావారితో వాదించితిమి. “రతికి భర్త మరల దక్కునని వాణి మాట యిచ్చినదిగదా” అని మాత్రము వారనిరి. మేము బదులు చెప్పలేకపోతిమి. మా నాయనగారు మరల రారు. ఏడాదినుండి పుస్తకము తెరచినప్పుడెల్ల ఆ యూరట మాకేల యంటలేదో అప్పుడు తెలిసినది.

ఆ పది పంక్తులను తెలుగు లిపిలో వ్రాసి యిమ్మని వారి నడిగితిమి. ఆ కాగితము ఇప్పుడు నాయనగారి కుమారసంభవములో, నాలుగవ సర్గయొద్ద నున్నది.