ఏమీ చేయని అద్దం

ఎండలో నిలబడి ఎవరినైనా పలకరించవలసి వస్తే మనం కళ్ళు చికిలిస్తాం. ఎండ మరీ తీక్షణంగా ఉంటే చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుంటాం. షోకైనవారు నల్లకళ్ళద్దాలు తగిలించుకుంటారు. సినిమా తీసే కెమేరాకూ ఈ బాధ తప్పదు. పైగా దాని బాధ మన బాధకన్నా ఒక పాలు ఎక్కువే. కళ్ళు చికిలించే స్వాతంత్ర్యం దానికి లేదు మరి!

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి కెమేరాల గొడవ ఎందుకని పాఠకులు అడగవచ్చు. శ్రీకాళహస్తి కలంకారీ మీద చిన్న చిత్రమొకటి తీస్తూ, మా మేనల్లుడు నన్ను వ్యాఖ్యానం రాసిపెట్టమన్నాడు. పని చూడకుండా మాట రాయడం నాకు చేతకాదు. అంచేత వాళ్ళ వెంట నాలుగు రోజులు తిరిగాను. వాళ్ళ పెట్టెలో నన్ను అన్నిటికన్నా ఆకర్షించినది కెమేరా కాదు, లెన్సు కాదు. ఆ రెంటికీ మధ్య బిగించే గుండ్రని లోహపు తొడుగు. దాని పక్కన సన్నని గాటు, ఆ గాటులోంచి దూర్చే చిన్న అద్దపు బిళ్ళ. ఆ బిళ్ళ కథే ఇది.

ఫొటో తీసేవాడి చేతిలో మూడు పగ్గాలుంటాయి. లెన్సులోని రంధ్రాన్ని చిన్నది చెయ్యవచ్చు. వెలుగు లోపలికి వచ్చే వ్యవధిని తగ్గించవచ్చు. వెలుగును పట్టే పలక, అంటే పూర్వం ఫిల్ము, ఇప్పుడు సెన్సర్, దాని చురుకుదనాన్ని తగ్గించవచ్చు. నిశ్చలచిత్రానికి ఈ మూడూ ఇష్టం వచ్చినట్టు వాడుకోవచ్చు. సినిమాలో అలా కుదరదు. సెకనుకు 24 బొమ్మలు పడాలి. ఒక్కొక్క బొమ్మకూ అందులో సగం కాలం, అంటే సెకనులో 48వ వంతు, వెలుగు తగలాలని వాడుక. అంతకన్నా బాగా తగ్గిస్తే నడిచే మనిషి నడుస్తున్నట్టుండడు, కుదుపులతో గెంతుతున్నట్టుంటాడు. చురుకుదనం సంగతి చూస్తే, నేటి డిజిటల్ సినిమా కెమేరాలలో చాలావాటికి 800 అన్నది సహజమైన అంకె. ఇక మిగిలింది రంధ్రం. దాన్ని మూసుకుంటూ పోతే ముందున్న మొహమూ, వెనకనున్న గోడా, గోడమీది పోస్టరూ అన్నీ ఒకే స్పష్టతతో పడతాయి. మొహం మీద నిలవవలసిన చూపు పోస్టరు మీదికి పోతుంది.

అయినా మూద్దామంటారా? మిట్టమధ్యాహ్నపు ఎండలో 800 చురుకుదనంతో, సెకనులో 50వ వంతు వ్యవధితో తీయాలంటే రంధ్రాన్ని ఎఫ్ 64 దాకా మూయాలి. మామూలు సినిమా లెన్సులు 16 దగ్గరో 22 దగ్గరో ఆగిపోతాయి. వెనకనున్నది మసకగా, మొహం మాత్రం స్పష్టంగా రావాలని ఎఫ్ 2.8 దగ్గర తీయదలచుకుంటే వెలుగును తొమ్మిదిసార్లు సగం చెయ్యాలి. లెక్క కట్టి చూడండి: 512వ వంతు మాత్రమే లోపలికి రావాలి!

దానికున్న ఉపాయం నల్లకళ్ళద్దమే. న్యూట్రల్ డెన్సిటీ ఫిల్టర్ అని దాని పూర్తి పేరు, వాడుకలో ఎన్.డి. రంగుల పొత్తు చెడగొట్టకుండా వెలుగును మాత్రం తగ్గించే బూడిదరంగు అద్దమది. దానిమీద అంకెలుంటాయి. 0.3 అంటే వెలుగులో సగం, 0.6 అంటే పావు, 0.9 అంటే ఎనిమిదో వంతు, 1.2 అంటే పదహారో వంతు. మన పాతకాలపు లెక్కలు వచ్చిన పెద్దలు ఇంట్లో ఉంటే వారికి ఈ వరస చెప్పి చూడండి. అర, పావు, పరక, వీసం! అచ్చంగా అదే.

ఈ అద్దాన్ని ఇంతకాలమూ లెన్సుకు ముందు పెట్టేవారు. ఇప్పటికీ పెద్ద చిత్రాలలో అలాగే పెడతారు. లెన్సు మూతికి చూరులాంటి పెట్టె ఒకటి బిగించి, అందులో 4 అంగుళాల ఎత్తు, 5.65 అంగుళాల వెడల్పు ఉన్న పలకలు దూరుస్తారు. పలకలు ఖరీదైనవి, పెట్టె బరువైనది, లెన్సు మార్చినప్పుడల్లా దాన్ని విప్పి బిగించాలి. దగ్గర పదిమంది సహాయకులుంటే చిక్కు లేదు. మావాడి దగ్గర ఉన్నది ఇద్దరు.

అద్దాన్ని లెన్సు వెనక్కి చేర్చడం ఎలా సాధ్యమయిందో చూద్దాం. సినిమా లెన్సులలో ఎక్కువ వాడుకలో ఉన్న బిగింపు పేరు పి.ఎల్. మ్యూనిక్ నగరంలో 1917లో ఆర్నాల్డ్, రిచ్‌టర్ అనే ఇద్దరు మిత్రులు తమ పేర్ల మొదటి అక్షరాలు కలిపి ‘ఆరీ’ అనే సంస్థ పెట్టారు. ఆ సంస్థ 1980లలో తెచ్చిన బిగింపు ఇది. దీని ప్రకారం లెన్సు అంచునుంచి ఫిల్ముకు సరిగ్గా 52 మిల్లీమీటర్ల దూరం ఉండాలి. ఫిల్ము కెమేరాలో ఆ నడుమ తిరిగే అద్దమొకటి ఉండేది, చూసేవాడి కంటికి బొమ్మ చూపించడానికి. నిశ్చలచిత్రాల కెమేరాలలోనూ అటువంటి అద్దమే ఉండేది. 1987లో వచ్చిన కెనాన్ ఇ.ఎఫ్. బిగింపులో ఆ దూరం 44 మిల్లీమీటర్లు. తరువాత అద్దంలేని డిజిటల్ కెమేరాలు వచ్చాయి. సోనీ వారి ఇ బిగింపులో దూరం 18 మిల్లీమీటర్లే. 2018లో వచ్చిన కెనాన్ ఆర్.ఎఫ్.లో 20, నికాన్ జెడ్‌లో 16.

ఇప్పుడు పి.ఎల్. లెన్సును సోనీ కెమేరాకు తగిలించాలంటే 52లోంచి 18 పోగా 34 మిల్లీమీటర్ల పొడవున్న తొడుగు నడుమ పెట్టాలి. ఆ తొడుగంతా ఖాళీయే. ఖాళీగా ఉన్న వసారాను ఎవరూ ఊరికే ఉంచరు గదా! అక్కడ గాటు పెట్టి ఎన్.డి. దూర్చారు. 2018లోనే కెనాన్ తన పాత ఇ.ఎఫ్. లెన్సులను కొత్త కెమేరాకు తగిలించే తొడుగులో ఇలాంటి ఏర్పాటు చేసింది. పి.ఎల్. లెన్సులకూ ఇటువంటి తొడుగులు ఉన్నాయి. పాత అద్దం పోయినచోట కొత్త అద్దం చేరిందన్నమాట.

దీని సుఖం కాళహస్తిలో కళ్ళారా చూశాను. కలంకారీ పనివాడు గీసిన గీత మళ్ళీ గీయడు. ఇనుపముక్కలూ బెల్లమూ ఊరబెట్టిన నీటిలో వెదురు కలం ముంచి బట్టమీద గీత లాగుతాడు. లాగేటప్పుడు పలచగా ఉంటుంది, చూస్తుండగానే నల్లబడుతుంది. అది ఒక్కసారే జరిగే పని. “ఏమండీ, మబ్బు పట్టింది, ఇంకొకసారి గీయండి” అనడానికి లేదు. ఆ పెద్దాయన పెరట్లో కూర్చుని గీస్తున్నారు. ఎండ, అంతలో మబ్బు, మళ్ళీ ఎండ. మావాడు గాటులోంచి ఒక బిళ్ళ లాగి ఇంకొకటి దూర్చడానికి పట్టిన కాలం, ఆయన కలం సిరాలో ముంచుకునే కాలంకన్నా తక్కువ. ఒకే బిళ్ళ అన్ని లెన్సులకూ సరిపోయింది. కెమేరా కదలలేదు, పెద్దాయన తల ఎత్తలేదు.

అయితే సుఖం వెనకే చిక్కులూ ఉన్నాయి. పెద్దాయన మనవడు ఆ నెలలో అయ్యప్ప మాల వేసుకుని ఉన్నాడు. నల్లచొక్కా, నల్లపంచె. మధ్యాహ్నం తీసిన దృశ్యం తెరమీద వేసి చూస్తే కుర్రవాడి బట్టలు వక్కరంగులో ఉన్నాయి! పిల్లవాడికి దుఃఖం వచ్చినంత పనయింది. “మావయ్యా, ఇది బట్ట దోషం కాదు, బిళ్ళ దోషం” అన్నాడు మావాడు. కంటికి కనబడే వెలుగును తగ్గించే కొన్ని అద్దాలు కనబడని పరారుణ కిరణాలను తగ్గించవు. కొన్ని నల్లబట్టలు, ముఖ్యంగా కృత్రిమనూలువి, ఆ కిరణాలను బాగా వెనక్కి కొడతాయి. మన కన్ను వాటిని చూడదు. సెన్సర్ కొంత చూస్తుంది, చూసి ఎరుపులో కలిపేస్తుంది. అద్దం ఎంత ముదురైతే రోగం అంత ముదురు. పరారుణాన్ని కూడా ఆపే ఎన్.డి. బిళ్ళలు వేరే ఉన్నాయి. మర్నాడు అవే వాడారు. నలుపు నలుపుగా వచ్చింది.

తిప్పితే ముదురయ్యే బిళ్ళలు మరొక రకం. ధ్రువణ ఫలకాలు రెండు ఒకదానిమీద ఒకటి ఉంటాయి. ఒకటి తిరిగినకొద్దీ వెలుగు తగ్గుతుంది. అనేక బిళ్ళల పనిని ఒకటే చేస్తుంది. కాని ధ్రువణ ఫలకం నీటిమీది మెరుపును తినివేయగలదు. స్వర్ణముఖిలో తడిబట్ట జాడిస్తుంటే ఆ తళుకే లేకపోతే దృశ్యంలో ఏముంది? అందుకని నదీతీరానికి మావాళ్ళు ఆ రకం తీసుకుపోలేదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఆ నది ఒడ్డునే ఎదురయింది. పొద్దు వాలుతోంది. మోకాలిలోతు నీళ్ళలో పెద్దాయన బట్ట జాడిస్తున్నారు. వెనక దూరంగా రాజగోపురం, 2010లో కూలి 2017లో మళ్ళీ నిలిచినది. 18 మిల్లీమీటర్ల వెడల్పు లెన్సు. వెలుగు తగ్గింది కాబట్టి ఇక నల్ల అద్దం అక్కరలేదని సహాయకుడు బిళ్ళ లాగేశాడు. గాటుకు మూత పెట్టాడు. అంతే! గోపురం మసక, పెద్దాయన మసక. లెన్సు ఉంగరాన్ని చివరిదాకా తిప్పినా చేరువలోని తువ్వాలు తప్ప మరేదీ స్పష్టం కాలేదు.

కారణం చిన్నదే. బిందెడు నీళ్ళలో రూపాయి వేస్తే అది పైకి తేలినట్టు కనబడుతుంది కదా? వెలుగు దారి వంగడంవల్ల అలా జరుగుతుంది. లెన్సు వెనక ఒక బిందువు వైపు దగ్గరపడుతూ పోయే కిరణాలకు అద్దం అడ్డు వస్తే ఆ బిందువు తన చోటినుంచి జరుగుతుంది. ఎంత అంటే, అద్దం మందంలో సుమారు మూడోవంతు. ఒక మిల్లీమీటరు మందానికి మిల్లీమీటరులో మూడోవంతు. అందుకని తొడుగు చేసేవారు అద్దం ఉంటుందనే లెక్కతో ఆ మేరకు తొడుగును పొడుగు చేస్తారు. అద్దం తీసేస్తే లెక్క తప్పుతుంది. మూడోవంతు మిల్లీమీటరు ఎంతలే అనుకోకండి. 100 మిల్లీమీటర్ల లెన్సయితే 30 మీటర్ల అవతలివి మాత్రమే మసకబారతాయి. 18 మిల్లీమీటర్ల లెన్సుకు ఒక్క మీటరు దాటితే అంతా మసకే. లెన్సుకు ముందు పెట్టిన అద్దంతో ఈ పేచీ ఉండదు. దూరపు కిరణాలు అక్కడ సమాంతరంగా వస్తాయి.

అందుకే ఆ పెట్టెలో ఏ రంగూ లేని బిళ్ళ ఒకటి ఉంటుంది. వెలుగును తగ్గించదు, రంగు మార్చదు, ఏమీ చేయదు. నల్ల అద్దం అక్కరలేనప్పుడు దాని చోటులో కూర్చుంటుంది, అంతే. సహాయకుడు దాన్ని పెట్టెకు వచ్చిన అట్టలూ దూదీ బాపతు అనుకుని బసలో వదిలేసి వచ్చాడు. మనిషిని పంపి తెప్పించేసరికి బట్ట ఇసుకమీద ఆరుతోంది. ఉతికిన బట్ట మళ్ళీ ఉతకమని ఎవరం అడగగలం? ఆ దృశ్యం చిత్రంలో లేదు. నా వ్యాఖ్యానంలో ఒక వాక్యం మాత్రం ఉంది.

గట్టుమీద కూర్చుని ఈ వైనమంతా విన్న పెద్దాయన నవ్వారు. “దీనికింత ఆశ్చర్యమేముందయ్యవారూ? మేం ముందు బట్టను కరక్కాయ నీళ్ళలో, పాలలో నానబెడతాం. చూస్తే ఏముంది, పాలిపోయిన పసుపు. అది పనేనా అంటారు చూసినోళ్ళు. అది లేని బట్టమీద గీసి చూడండి, నలుపు పట్టనే పట్టదు” అన్నారు. మావాడు ఆ మాటలు రికార్డు చేసుకున్నాడు. చిత్రంలో ఉన్నాయి.

ఈ రోజుల్లో చాలా ఇళ్ళలో పిల్లలు కెమేరాలు పట్టి చిన్న చిత్రాలు తీస్తామంటున్నారు. ఇటువంటి తొడుగును అద్దెకు తెచ్చుకునేవారు నాలుగు సంగతులు గుర్తుంచుకుంటే మేలు. దుకాణంలోనే లెన్సు బిగించి, రంధ్రం పూర్తిగా తెరిచి, దూరాన ఉన్న నీళ్ళటాంకునో గుడిగోపురాన్నో చూడాలి. అది స్పష్టంగా రాకపోతే తొడుగు పుచ్చుకోకూడదు. నల్లగుడ్డ ఒకటి పెట్టి ముదురు బిళ్ళతో తీసి చూడాలి, వక్కరంగు తేలుతుందేమో. బిళ్ళ సెన్సరుకు దగ్గరగా ఉంటుంది గనుక దానిమీది నలుసు తెరమీద మచ్చయి కూర్చుంటుంది. రంధ్రం చిన్నదైనకొద్దీ మచ్చ స్పష్టమవుతుంది. అంచేత మెత్తని గుడ్డా, గాలిబుడ్డీ దగ్గర ఉంచుకోవాలి. కొన్ని సినిమా లెన్సులు రెండు కిలోలు దాటుతాయి. వాటి బరువు తొడుగుమీద వేలాడకుండా కింద ఆసరా పెట్టాలి.

చివరిమాట: దుకాణదారు లెక్కలో రంగులేని ఆ బిళ్ళకు కూడా అద్దె వేస్తాడు. ఏ పనీ చేయని అద్దానికి అద్దె ఏమిటని బేరమాడి అక్కడే వదిలేసి రాకండి సుమా!