రైసు మిల్లులో డ్రమ్ములు మోగిన రాత్రి

పాట రేడియోలో విన్నా పాటే, టేపులో విన్నా పాటే. కానీ పది అడుగుల దూరంలో ఓ మనిషి చెమటలు కక్కుతూ డ్రమ్ము బాదుతుంటే ఆ దెబ్బ చెవికి తగలదండీ... పొట్టలో తగుల్తుంది! ఆ దెబ్బ తిన్నవాడికే తెలుస్తుంది ఆర్కెస్ట్రా పిచ్చి అంటే ఏమిటో.

నాకు ఆ పిచ్చి ఇంటర్ మొదటి సంవత్సరంలో పట్టుకుంది. గోదావరి జిల్లాల్లో ఆ రోజుల్లో ఊరికో ఆర్కెస్ట్రా. నవరాత్రులొస్తే చాలు, పందిరికో పార్టీ. అందులో మా కుర్రకారు ప్రాణం పెట్టుకున్నది ఒక్కటే. పేరు చెప్పను లెండి, ఇప్పుడా పార్టీ లేదు. పన్నెండు మంది మనుషులు, ఓ మెటాడోర్ వ్యాను. చక్రవర్తిగారి పాట ఎత్తుకున్నారంటే రికార్డు కంటే ఓ పాలు వేగంగా వాయించేవారు. 'యమగోల', 'వేటగాడు' పాటలు వీళ్ళ చేతిలో పడితే కుర్చీలు విరగాల్సిందే. ఈ హుషారుకంతా మూలవిరాట్టు డ్రమ్స్ మాస్టారు. బక్కపల్చటి మనిషి. కిందుంటే ఎవరూ గుర్తుపట్టరు. స్టూలెక్కి కూర్చుంటే మాత్రం నాలుగు చేతులు!

ఈ పార్టీలంటే చులకనగా చూసేవాళ్ళకి ఒక్కమాట చెప్పాలి. మద్రాసులో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యంగారు నడిపిన లైట్ మ్యూజిక్ బృందంలో వాయించినవాళ్ళెవరనుకున్నారు? ఇళయరాజా, ఆయన సోదరులు భాస్కర్, గంగై అమరన్! 1976లో 'అన్నక్కిళి'తో సంగీత దర్శకుడు కాకముందు ఇళయరాజా ఊరూరా స్టేజీలెక్కి వాయించిన మనిషే. కాబట్టి స్టేజీ ఆర్కెస్ట్రా అంటే ఆషామాషీ వ్యవహారం కాదు.

ఇక అసలు కథకొస్తాను. 1988 వినాయక చవితి నవరాత్రులు. పాలకొల్లు దగ్గర మా ఊళ్ళో మా పార్టీయే వస్తోందని తెలిసి నేను మూడు రోజులు నిద్రపోలేదు. కమిటీలో మా మేనమామ పెద్ద. "మావయ్యా, ముందు వరసలో చోటు" అని వారం ముందే మాట తీసుకున్నాను. తీరా ఆ రోజు మధ్యాహ్నం నుంచి ఒకటే వాన! సాయంత్రానికి పందిరి కూలింది. స్టేజీ మడుగులో తేలుతోంది. రద్దు చేద్దామని కొందరు, డబ్బులిచ్చాం కదా పాడాల్సిందేనని కొందరు. చివరికి ఎవరో "మిల్లు గోడౌను ఖాళీగానే ఉందిగా" అన్నారు.

అలా మా అభిమాన ఆర్కెస్ట్రాని నేను చూసింది ఓ రైసు మిల్లు గోడౌనులో! పైన రేకుల కప్పు, గోడలకి తవుడు, కూర్చోడానికి గోనె సంచులు. జనం రెండొందల మందికి మించి లేరు. మామూలుగా అయిదారువేల మంది వచ్చే ప్రోగ్రాం అది. గాయనిగారు తడిసిన చీర కొంగు పిండుకుంటూ లోపలికి రావడం చూసి మాకే జాలేసింది.

వినాయకుడి పాట అయింది. రెండోది 'యముడికి మొగుడు' పాట. ఆ ఏడాది ఏ సందులో చూసినా రాజ్-కోటిగారి ఆ పాటలే కదా! పల్లవి అయ్యేసరికి కరెంటు పోయింది. మైకుసెట్టతను జనరేటరు తిప్పాడు. అది వెలిగీ వెలగ్గానే ఆంప్లిఫయరులోంచి ఠప్ మని శబ్దం, పొగ. రేకుల సందులోంచి నీళ్ళు కారి లోపలికెళ్ళాయట. అంతే! మైకు లేదు, కీబోర్డు లేదు, గిటారు లేదు. అవన్నీ కరెంటు తాగే ప్రాణులు. రెండు పెట్రోమాక్స్ లైట్లు తెచ్చి దూలాలకి కట్టారు. మిగిలింది ట్రంపెట్, ఎకార్డియన్, తుంబా, బాంగోస్, మాస్టారి డ్రమ్ములు. అంతే సరంజామా.

"ప్రోగ్రాం అయిపోయినట్టే" అన్నాడు మావాడొకడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

మాస్టారు లేచారు. మా ముందున్న గోనె సంచి ఒకటి అడిగి తీసుకున్నారు. మడతపెట్టి స్నేరు డ్రమ్ము మీద పరిచారు. కాళ్ళకింద డ్రమ్ములో ఇంకోటి కుక్కారు. ఎందుకో మాకు అర్థం కాలేదు. గాయనిగారు మైకు లేకుండా గొంతెత్తారు... అప్పుడు తెలిసింది. ఆ గొంతు మాకు వినబడాలని ఆయన డ్రమ్ముల నోరు నొక్కారు! పల్లవి, చరణం పాడుతున్నంతసేపూ 'తుప్ తుప్' మని మెత్తగా, కానీ వేగం తగ్గకుండా వాయించారు. చరణానికీ చరణానికీ మధ్య బీజీఎం రాగానే ఎడం చేత్తో సంచి లాగి పారేశారు. ఆహా... ఏం చెప్పను! రేకుల కప్పు కింద ఆ మోత రెండింతలైంది. పైన వాన, కింద ఈయన. తవుడు దుమ్ము గోడలనుంచి రాలి పెట్రోమాక్స్ వెలుగులో పొగమంచులా తేలింది. పాట మళ్ళీ అందుకునేసరికి సంచి మళ్ళీ డ్రమ్ము మీదుంది. ఎప్పుడు వేశారో నేను చూళ్ళేదు, ఒట్టు!

గంటన్నరసేపు అదే వరస. మైకులో విన్నప్పుడు అంతా కలిసి ఒకటే హోరు. ఆ రాత్రి ఒక్కొక్కళ్ళు చేసే పని విడివిడిగా వినబడింది. ట్రంపెట్ తాత ఊపిరి తీసుకోవడం వినబడింది. తుంబా కుర్రాడు తప్పు వాయిస్తే మాస్టారు కళ్ళెర్రజేయడం కనబడింది. 'ఖైదీ' పాటకి నేను గోనె సంచుల మీద ఎగిరిన ఎగురుడికి లాల్చీ చిరిగింది. ముసలాళ్ళు కూడా వన్స్ మోర్ కొట్టారండీ!

తొమ్మిదిన్నరకి ఆపేశారు. గాయనిగారి గొంతు పోయింది మరి.

ఇక్కడితో ఆపేస్తే బావుండేది. కానీ నేను ఆటోగ్రాఫ్ కోసం వెనక్కి వెళ్ళాను. అక్కడ మావయ్య మాస్టారితో బేరమాడుతున్నాడు. ఒప్పందం రెండువేల అయిదొందలు. అడ్వాన్సు అయిదొందలు పోను రెండువేలివ్వాలి. "జనం రాలేదు, చందాలు రాలలేదు, పాటలు సగమే పాడారు. పదిహేనొందలు పుచ్చుకోండి" అంటున్నాడు. మాస్టారు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డారు. "వాన మేం తేలేదు కదండీ" అన్నారంతే. చూపుడువేలికి కట్టిన గుడ్డ ఎర్రగా తడిసి ఉంది. ఇంతకుముందు ఈ చేతులేనా? నాకు తల తీసేసినట్టయింది. నా హీరో మా ఇంటి మనిషి ముందు అయిదొందల కోసం నిలబడ్డాడు!

మావయ్యతో ఎదురు మాట్లాడే ధైర్యం నాకు లేదు. మావాళ్ళు నలుగుర్ని పోగేశాను. తువ్వాలు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాం. వెళ్ళేవాళ్ళు రూపాయి, రెండ్రూపాయలు వేశారు. మిల్లు గుమాస్తాగారు పది వేశారు. పరీక్ష ఫీజు కోసం అమ్మ ఇచ్చిన అరవైలో నేను నలభై వేశాను. లెక్కపెడితే మూడొందల నలభై. వ్యాను దగ్గరికి తీసికెళ్ళి ఇస్తే మాస్టారు తీసుకోలేదు. గాయనిగారే చెయ్యి చాపి, "తీసుకోండి మాస్టారూ, పిల్లలు మనకి పెడుతున్నారు" అన్నారు, గొంతులేని గొంతుతో.

"నేనూ నేర్చుకోవచ్చాండీ?" అని అడిగాను, అదే అదనని.

"నేర్చుకో అబ్బాయ్. కానీ దీన్ని నమ్ముకోకు. ఎనిమిది పలకల పెట్టె వచ్చింది చూశావా? మా ఓనరు కొనడానికి మద్రాసు వెళ్తున్నాడు" అన్నారు.

ఆక్టోపాడ్ అని 1985లో వచ్చింది లెండి. పుల్లలతో తాకితే డ్రమ్మే కాదు, గంట కూడా మోగుతుంది. తర్వాత మూడు నాలుగేళ్ళలో మా వైపు పార్టీలన్నిటిలోకీ అదే వచ్చింది. దాన్ని నేను తిట్టను, బాగా వాయించేవాళ్ళూ ఉన్నారు. ఆ తర్వాత ట్రాకులొచ్చాయి. ఇప్పుడు పెన్ డ్రైవొకటి జేబులో వేసుకుని ఒక్క మనిషే వచ్చి ప్రోగ్రాం చేసి వెళ్తున్నాడు.

మావయ్య దసరా దాకా నాతో మాట్లాడలేదు. కమిటీ పరువు తీశానట! అమ్మకి మాత్రం ఫీజు సంగతి చెప్పాల్సొచ్చింది, రెండు తగిలాయి. నేను డ్రమ్ములు నేర్చుకోలేదు. ఓ నెల్లాళ్ళు బియ్యం డబ్బా మీద ప్రయత్నించి వదిలేశాను. చెయ్యి మంచిది కాదు నాది.

ఆ రాత్రి వ్యాను కదిలేటప్పుడు డ్రమ్ములన్నీ పైకప్పు మీదే కట్టారు, లోపల చోటు లేక. టార్పాలిను చాల్లేదు. పెద్ద డ్రమ్ము సగం బయటికుండిపోయింది. వాన చినుకులు దాని మీద పడి, రోడ్డు మలుపు తిరిగేదాకా అది మోగుతూనే ఉంది.