లైంగికదాడి బాధితుల సంరక్షణ - ఫోరెన్సిక్ నర్సింగ్‌లో సమన్యాయం

1. ఉపోద్ఘాతం:
లైంగికదాడికి గురైన వ్యక్తి ఆసుపత్రికి చేరినప్పుడు ఆ దేహానికి చికిత్స కావాలి. అదే దేహం నేరానికి సాక్ష్యం కూడా అవుతుంది. ఈ రెండు అవసరాలను సమన్వయపరచేది ఫోరెన్సిక్ నర్సింగ్. అమెరికాలో 1970వ దశకం నుండి ఇందుకు ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులే పరీక్షలు నిర్వహిస్తున్నారు. భారతదేశంలో చట్టం ఈ బాధ్యతను రిజిస్టరైన వైద్యులకు అప్పగించింది. అయినా బాధితులను తొలుత పలకరించేదీ, పరీక్ష జరుగుతున్నంతసేపూ పక్కన ఉండేదీ తరచుగా నర్సులే. సంరక్షణలో సమన్యాయం వారి విధుల్లో ఎలా వ్యక్తమవుతుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. చికిత్స - సమ్మతి:
భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 397వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నీ అత్యాచార బాధితులకు వెంటనే ఉచిత చికిత్స అందించాలి. పోలీసులకు సమాచారం ఇవ్వాలి. సమాచారమివ్వడం ఆసుపత్రి విధి. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది బాధితురాలి నిర్ణయం. 184వ సెక్షన్ ప్రకారం ఆమె సమ్మతి లేని వైద్యపరీక్ష చెల్లదు. కాబట్టి చికిత్సకు, నమూనాల సేకరణకు, ఫిర్యాదుకు సమ్మతిని వేర్వేరుగా అడగాలి. ఒకదానికి నిరాకరించినంత మాత్రాన చికిత్స పొందే హక్కు పోదు. హెచ్ఐవి నివారణ మందులను 72 గంటల లోపే ప్రారంభించవలసి ఉంటుంది. పోలీసు కాగితాల కోసం ఎదురుచూస్తే ఆ గడువు తరిగిపోతుంది. అందువల్ల పనుల క్రమం కూడా న్యాయానికి సంబంధించిన విషయమే.

3. సమానత్వం - సమన్యాయం:
అందరిచేతా ఒకే పత్రంపై సంతకం తీసుకోవడం సమానత్వంగా కనిపించవచ్చు. కానీ ఆదిలాబాద్ ప్రాంతంలో గోండి మాతృభాషగా గల స్త్రీకి గ్రాంథిక తెలుగులోనో, ఇంగ్లీషులోనో ఉన్న పత్రం అర్థం కాకపోతే ఆ సంతకం సమ్మతి కాజాలదు. ఆమె భాషలో వివరించగల వ్యక్తి అవసరం. వినికిడి లోపం గలవారికి సంజ్ఞాభాష తెలిసినవారు కావాలి. చట్టంలోని అత్యాచార నిర్వచనం స్త్రీలనే బాధితులుగా గుర్తిస్తుంది. వయోజన పురుషులు అందులోకి రారు. నర్సింగ్ సంరక్షణకు ఆ నిర్వచనం హద్దు కారాదు.

4. నిష్పాక్షిక నమోదు:
‘రెండు వేళ్ల పరీక్ష’ బాధితురాలి గోప్యతకు, గౌరవానికి భంగకరమని సుప్రీంకోర్టు 2013లో పేర్కొంది. ఆ పరీక్ష జరిపినవారు దుష్ప్రవర్తనకు పాల్పడినట్లేనని 2022లో స్పష్టం చేసింది. పరీక్ష తొలగినా దాని వెనుక ఉన్న దృష్టి రాతలో మిగిలిపోవచ్చు. ‘గాయాలు లేవు’ అన్నది పరిశీలన. ‘కాబట్టి దాడి జరగలేదు’ అన్నది తీర్పు. భయంతో ప్రతిఘటించలేకపోయిన దేహంపై గాయాలు ఉండకపోవచ్చు. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ 2014 మార్గదర్శకాలు 96 గంటల వరకు నమూనాల సేకరణకు అవకాశమిచ్చాయి. ఆలోగా స్నానం చేశారా, దుస్తులు మార్చారా అన్నవి నమోదు చేయాలి. వాటిని తప్పుగా ఎంచరాదు. చూసినది చూసినట్లు, చెప్పినది చెప్పినట్లు రాయడం బాధితురాలికే కాదు, నిందితునికీ న్యాయమే.

5. ముగింపు:
ఈ పరీక్షలో నర్సు పాత్రను చట్టం విడిగా నిర్వచించలేదు. అందువల్ల సమన్యాయం వ్యక్తుల మంచితనంపై ఆధారపడుతున్నది. సమ్మతి తీసుకొనే పద్ధతి, పరిశీలనను తీర్పు నుండి వేరుచేసి రాసే నైపుణ్యం నర్సింగ్ విద్యలో పాఠ్యాంశాలైతేనే ఏ ఆసుపత్రికి వెళ్లినా బాధితులకు ఒకే న్యాయం అందుతుంది.