సముద్రం చూడని పిల్లలకు సునామీ పాఠం

నారాయణఖేడ్ పిల్లలకు నీళ్లంటే ఊరి చెరువు, వానాకాలపు వాగు, మహా అయితే మంజీర. సముద్రం ఇక్కడికి నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. వీరికి సునామీ పాఠం దేనికని పెద్దలు అడగవచ్చు.

2004 డిసెంబరు 26 ఆదివారం, పౌర్ణమి. కృష్ణా జిల్లా మంగినపూడి తీరంలో సముద్ర స్నానాలు చేస్తున్న వారిని కెరటాలు లాక్కుపోయాయి. ఆ ఉదయం 6-29 గంటలకు సుమత్రా దీవి చెంత సముద్రగర్భంలో భూకంపం రాగా, అల మన తీరానికి చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. ఆ వ్యవధిలో హెచ్చరించే ఏర్పాటు అప్పటికి మనకు లేదు. అన్ని దేశాల్లో కలిపి రెండు లక్షల మందికి పైగా మరణించారు.

అదే రోజు థాయిలాండ్ తీరంలో పదేళ్ల ఇంగ్లీషు బాలిక ఒకతె, నీరు వింతగా నురగలు కక్కడం చూసి సునామీ వస్తున్నదని తల్లిదండ్రులను హెచ్చరించింది. రెండు వారాల క్రితమే బడిలో భూగోళం టీచరు ఆ పాఠం చెప్పారు. దాదాపు వందమంది బతికి బయటపడ్డారు. ఆమెది సముద్రతీరమే లేని సర్రే ప్రాంతం!

1977లో దివిసీమను ముంచినది ఉప్పెన. అది తుఫాను గాలి తోసుకొచ్చిన నీరు. సునామీకి గాలితో పని లేదు. సముద్రపు అడుగు భాగం ఒక్కసారిగా ఎగిసిపడితే పైనున్న నీరంతా కదులుతుంది. నడిసముద్రంలో గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పోతున్నా ఓడలో ఉన్నవారికి తెలియదు. ఒడ్డు దగ్గర లోతు తగ్గేకొద్దీ వేగం తగ్గి ఎత్తు పెరుగుతుంది.

దీన్ని బడిలోనే చూపవచ్చు. వెడల్పాటి తొట్టిలో ఒక కొసన బంకమట్టితో ఏటవాలు ఒడ్డు చేసి, మట్టి ఇళ్లు పెట్టాలి. రెండో కొసన నీటి అడుగున ఉంచిన పలకను చటుక్కున పైకెత్తితే ఇళ్లు కొట్టుకుపోతాయి. ఇళ్లను ఎలా కాపాడాలో పిల్లలనే ఆలోచించమనాలి. ఒకరు కట్ట పోస్తారు, ఒకరు పుల్లలు గుచ్చి చెట్లంటారు, ఇంకొకరు ఇంటిని గుంజల మీద నిలబెడతారు. ఇంజనీర్లు చేసేదీ ఇదే.

జపానులో 1854 సునామీ వేళ హమగుచి గోర్యో అనే పెద్దమనిషి వరి మోపులకు నిప్పు పెట్టి, ఆ వెలుగులో జనాన్ని మెరకకు చేర్చాడు. తర్వాత ఊరివారికే కూలి ఇచ్చి 5 మీటర్ల ఎత్తున కట్ట వేయించాడు. 1946 సునామీలో అది ఊరికి అడ్డు నిలిచింది. ఐతే 2011లో అదే దేశంలో తారో పట్టణపు 10 మీటర్ల గోడను అల దాటేసింది. కట్ట మీంచి నీరు పొర్లితే ఏమవుతుందో చెరువు కింద సేద్యం చేసేవారికి చెప్పనక్కరలేదు.

కనుక గోడతోపాటు కబురూ కావాలి. ఆ కబురు పంపే కేంద్రం సముద్రతీరాన కాదు, మన హైదరాబాద్‌లోనే ఉంది. ఇన్‌కాయిస్ సంస్థలో 2007 అక్టోబరు నుంచి అది పనిచేస్తున్నది. సముద్రపు అడుగున ఉంచిన పరికరాలు పైనున్న నీటి బరువును కొలుస్తాయి. ఆ లెక్క తేలే బోయాల నుంచి ఉపగ్రహం ద్వారా ఇక్కడికి చేరుతుంది.

అయినా తీరంలో నిలబడిన పిల్లవాడికి తానుగా తెలియవలసినవి కొన్ని ఉన్నాయి. నేల గట్టిగా కంపించినా, నీరు ఉన్నట్టుండి వెనక్కి పోయి చేపలు బయటపడినా ఏరుకోబోకుండా మెరకకు పరుగెత్తాలి. ఒక్కోసారి నీరు వెనక్కి పోకుండానే అల రావచ్చు. మొదటిది పోయిందని దిగిరారాదు. తర్వాతది గంటకు వచ్చినా రావచ్చు, పైగా అంతకంటే పెద్దదీ కావచ్చు.